గోపాలు బావ ఎర్ర తువ్వాల

నేను మాట్లాడేది తక్కువ. బొగ్గుబాయిల పనిచేసినన్ని రోజులు నన్ను మూగ బిక్షపతి అనేటోళ్లు. ఇంట్ల మాటలన్నీ మా ఉప్పలమ్మకే వదిలేసిన. ఇద్దరం మాట్లాడితే వినేటోళ్లెవరు? గసొంటోణ్ని నేనే నోరు తెరిచి చెప్తున్ననంటే కడుపుల ఎంత మంట ఉన్నదో మీరే చూడుండ్రి. చాయ్ చల్లారినా సరే, మధ్యల లేవకుండ్రి.

కొలువు దిగినంక ఖమ్మంల ఖానాపురం హవేలి కాడ ఇల్లు కట్టుకున్నం గద. ఇల్లు మంచిదే, పక్కిల్లే మంచిది గాదు. పక్కింటి సుబ్బరత్నం ప్రతి ఐతారం మొగుణ్ని బండి మీద ఎక్కించుకొని ఎటో ఒకదిక్కు పోతది. పోయి ఫోన్ల ఫొటోలు పెడ్తది. ఆ ఫొటోలు మా ఆమె చూస్తది. చూసి, నన్ను చూస్తది.

"లకారం చెరువు మీద తీగల వంతెన కట్టిండ్రు. ఊగుతదట. పోదామా?"

"బాయిల దిగేటప్పుడు మస్తు ఊగిన. చాలు."

"ఖిల్లా ఎక్కుదామా?"

"రాళ్లే గద. మనింటెనక లేవా?"

"కిన్నెరసానిల పడవ?"

"మొసళ్లుంటయ్."

"పోనీ పర్ణశాల. పుణ్యమన్న వస్తది."

"సీతమ్మసొంటి సీతమ్మే ఆడ తప్పిపోయింది. నువ్వెంత."

ఆనాడు ఉప్పలమ్మ ఇంక ఏం అనలే. ఆమె ఏం అనలేదంటే నేను అప్పుడే భయపడాల్సింది. గెలిచిన అనుకొని పండుకున్న.

మల్ల వారం పొద్దుగాల గేటు చప్పుడైంది. చూస్తే రేడియో గోపాలు.

గోపాలు ఎవరో చెప్పాలె. ఉప్పలమ్మకు ఒక్కడే మేనమామ. ఆ మేనమామకు ఒక్కడే కొడుకు. ఆ ఒక్కడు ఈ గోపాలు, ఊరు ములకలపల్లి. పొద్దున మోగుడు మొదలుపెడితే పండుకునేదాకా ఆగడు, అందుకే నేను రేడియో అని పేరు పెట్టిన. ఉప్పలమ్మ పుట్టంగనే పిల్ల గోపాలుకే అన్నరు. నాకు బాయిల కొలువు దొరకంగనే ఉప్పలమ్మ నాయన మాట మార్చిండు.

మేనరికం తప్పితే మా అత్తగారి ఇండ్లల్ల ఒక పద్ధతి ఉన్నది. పెండ్లి పందిట్ల పెండ్లికొడుకు లేచి, ఆ మేనబావ భుజం మీద కొత్త తువ్వాల కప్పాలె. నీకనుకున్న పిల్లను తీస్కపోతున్న, కోపం పెట్టుకోకు అని. నేను ఎర్ర తువ్వాల కప్పిన. గోపాలు నవ్వుకుంట కప్పించుకున్నడు. లెక్క ఒడిసిందనుకున్న.

ఇప్పుడు గేటు కాడ నిలబడ్డ గోపాలు భుజం మీద ఎర్ర తువ్వాల ఉన్నది.

"గుర్తుపట్టినవా అన్నా?" అన్నడు. వరుసకు నాకు తమ్ముడైతడు, అదొక ఖర్మ. "నువ్వు కప్పిందే. పెట్టెల భద్రంగ దాసుకున్న."

"నలభై ఏండ్లా?"

"ఏం జేస్తం అన్నా. పిల్లనైతే దాసుకోలేకపోతి."

మా ఆమె నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, గోడ పట్టుకొని నవ్వింది. నా మాటలకు గట్ల నవ్వంగ ఎన్నడు చూడలే. అంటే, నా మాటలు ఉంటే గద.

"రామక్క రాలేదా?" అన్న. రామక్క అంటే గోపాలు పెండ్లాం.

"బిడ్డ దగ్గరికి పోయింది అన్నా. నాకు కండ్లు మసకగున్నయ్. ఖమ్మం దవాఖానల చూపిచ్చుకుందామని వచ్చిన. డాక్టరు సోమవారందాకా దొరకడట, ఈడనే ఉంట."

"సోమవారందాకనా?"

"నాలుగు రోజులే గదయ్యా," అన్నది ఉప్పలమ్మ. "బావా, కాళ్లు కడుక్కో."

మధ్యాహ్నం నాటుకోడి కోసినం. కోడికి కందనకాయ ఒక్కటే ఉంటది. మా ఇంట్ల అది నాది. పెండ్లయిన కాడినుంచి నాదే. పిల్లలు ఏడ్చినా నాదే. ఆనాడు గంటెల కందనకాయ కనబడ్డది. నా పళ్లెం దిక్కు వచ్చింది. పళ్లెం దాటింది. పోయి గోపాలు అన్నం మీద కూసున్నది.

"ఎందుకు మరదలా, అన్నకెయ్యి," అన్నడు నములుకుంట.

నేను చారు పోసుకున్న.

సాయంత్రం ఉప్పలమ్మ కొత్త చీర కట్టింది. "నేను, బావ ఆటోల లకారం పోయొస్తం. చుట్టం వచ్చినప్పుడు ఊరు చూపియ్యకపోతే మంచిగుండది. నువ్వు ఇంటికాడ ఉండు. నీకు గయ్యి నచ్చయి గద."

ఆమె మాట ఒడవకముందే నేను చెప్పులేసుకున్న.

లకారం వంతెన మీద జోడీలు జోడీలుగ నడుస్తున్నరు. మేం ముగ్గురం నడిచినం. మధ్యల నేను. వంతెన ఊగినప్పుడల్లా గోపాలు "భయమైతుందా మరదలా" అంటడు, మా ఆమె "లే బావా" అంటది. భయమైతుంది నాకు. నన్ను అడిగేటోడు లేడు.

"అగో, ఆ గడ్డకు మొక్కజొన్న కంకులు కాలుస్తున్నరు," అన్నడు గోపాలు. "పచ్చ చీర కట్టుకున్నామె ఇసురుతుంది చూడు."

నాకు ఆ గడ్డ కనబడలే. మసక కండ్లోనికి ఆమె చీర రంగు ఎట్ల కనబడ్డదని అనుమానం రావాలె. రాలే. కుళ్లు కమ్మిన కండ్లకు ఏ డాక్టరు అద్దాలు రాస్తడు?

ఆ గడ్డకు పోయి కంకులు తిన్నం. గింజలు వొలిచి వొలిచి మరదలి చేతుల పోసిండు గోపాలు. నాకు పండ్లు సరిగ్గ లేవని ఖానాపురం అంత తెలుసు. నా కంకి నా చేతులనే సల్లారింది.

ఇంటికొచ్చి ఆలోచన చేసిన. సోమవారందాకా ఆగేది లేదు. వీణ్ని తిప్పి తిప్పి అలిసిపోయేటట్టు చెయ్యాలె. తనే "పోతనన్నా" అనాలె. పొద్దుగాల లేచి నేనే అన్న, "గోపాలు, ఇయ్యాల ఖిల్లా ఎక్కుదాం."

మా ఆమె జడేసుకుంట ఆగింది. "ఎవరు, నువ్వా?"

"చుట్టం వచ్చినప్పుడు ఊరు చూపియ్యాలె గద."

కావాలని ఎండెక్కినంకనే తీస్కపోయిన. ఖమ్మం ఎండ, నల్లరాయి, మెట్లు. ఇంక ఎట్ల బతుకుతడో చూస్త అనుకున్న. సగం మెట్లు ఎక్కినంక ఒక సంగతి యాదికొచ్చింది. గోపాలు అడవోడు. గుట్టలెక్కి తునికాకు కోసిన కాళ్లు అవి. నావి బాయిల మోకాళ్ల మీద పాకిన కాళ్లు. ఆయన పాట పాడుకుంట ఎక్కుతున్నడు. నేను మెట్టు మెట్టుకు కూసుంటున్న.

"అన్నా, పట్టుకో," అని తువ్వాల ఒక కొస నా చేతికిచ్చి, ఇంకో కొస పట్టి గుంజిండు. నేను కప్పిన తువ్వాలతోనే నన్ను ఖిల్లా మీదికి గుంజిండు చూడుండ్రి.

పైన గాలికి మా ఆమె కొంగు ఎగురుతుంది. ఊరంత చూసుకుంట, "మనిల్లు ఎటు దిక్కయ్యా?" అని చిన్నపిల్లోలె అడిగింది. ఆ మొహం నేను చూసి చాన రోజులైంది. చూసి సంబురం కావాలె నాకు. కాలే. ఈ సంబురం ఖిల్లాదా, గోపాలుదా అని లెక్కలు కట్టుకుంట కూసున్న.

మర్నాడు కిన్నెరసాని. నీళ్లల్ల మొసళ్లున్నయని తొవ్వంత బెదిరిచ్చిన. గోపాలు బెదరలే. మొసలిని చూసి పరిగెత్తిన తన ముచ్చట చెప్పి మా ఆమెను ఇంకింత నవ్విచ్చిండు. పడవల బెదిరింది నేను. బాయిల పైన కప్పు ఉంటది, కింద నేల ఉంటది. ఈడ రెండూ లేవు. పడవ ఒడ్డుకొచ్చినా నా చెయ్యి పడవను వదలలే. జింకల పార్కు కాడ జింక కూడ గోపాలు దగ్గరికే వచ్చింది.

ఇంక మిగిలింది పర్ణశాల. ముగ్గురం బస్సెక్కినం. ఆడోళ్లకు బస్సుల టికెట్టు లేదు గద, మా ఆమె ఆధార్ కార్డు తీసి కండక్టరుకు చూపిచ్చిన తీరు చూస్తే దేశాలు తిరిగినామె అనుకుంటరు. భద్రాద్రిల రాముని దర్శనం చేసుకొని, ఇంకో బస్సు పట్టి పర్ణశాలకు పోయినం. ఆ బస్సుల కిటికీ కాడ ఉప్పలమ్మ, ఇటు గోపాలు, మధ్యల నేను. లక్ష్మణుడు గీసింది గీత. నేనే గీతనై కూసున్న.

ఆడ సీతమ్మ వాగు ఉన్నది. ఒడ్డు రాళ్ల మీద ఎర్రగ, పసుపుపచ్చగ మరకలు. సీతమ్మ చీరలు ఆరేసుకున్న గుర్తులని చెప్తరు. జనం దండం పెట్టుకుంటున్నరు. మా ఆమె ఒక రాయి కాడ కూసోని చూస్తున్నది. గోపాలు తువ్వాల పక్కన పెట్టి మొహం కడుక్కుంటున్నడు.

నాకు ఆఖరి ఎత్తు తట్టింది. అన్నింటికీ ఈ తువ్వాలే మూలం. నలభై ఏండ్లు దాసుకున్నడంటే మనసుల ఏదో ఉన్నట్టే. ఆమె మనసుల కూడ ఉన్నదా, అదే నాకు అన్నం సయించనియ్యని బాధ. ఇది పోతే ఆ ముచ్చట పోతది.

"ఎండగున్నది గోపాలు. ఇది తడిపిస్త, నెత్తికి చుట్టుకో," అన్న. నాలుగు రోజులల్ల నేను మాట్లాడిన పెద్ద మాట అదే.

వాగుల ముంచిన. చెయ్యి వదులుదామనుకునేలోపట నీళ్లు ఎర్రగైనయ్. నా చేతులు ఎర్రగైనయ్. ఎరుపు పాయలు పాయలుగ కిందికి పోతుంది.

దిగువన స్నానం చేస్తున్న ముసలామె చూసింది. "అమ్మా, సీతమ్మ తల్లి కుంకుమ పారుతుంది," అన్నది.

అంతే. జనం వాగుల దిగిండ్రు. ఒకామె దోసిట్ల పట్టి బొట్టు పెట్టుకున్నది. ఇంకొకామె సీసాల నింపుకున్నది. ఒకాయన పిల్లగాని నెత్తిన చల్లిండు. అందరు ఎగువకు నడుసుకుంట నా దగ్గరికి వస్తున్నరు.

"తాతా, ఎక్కడ పుట్టింది ఈ ఎరుపు?" అని అడిగిందొకామె, చేతులు జోడిచ్చి.

దేవుని పేరు మీద అబద్ధం చెప్పొద్దు. ఎర్ర చేతులతో తువ్వాల పైకెత్తిన.

"ఈడనే," అన్న.

ముసలామె తువ్వాల చూసింది, తన బొట్టు తడుముకున్నది, నన్ను చూసింది. ఆ చూపు మీకు చెప్పలేను. సీసా నింపుకున్నామె నీళ్లు నా కాళ్ల మీదనే ఒంపిపోయింది.

జనం పోయినంక నేను గోపాలు దిక్కు తిరిగిన. "సీతమ్మ చీర రంగు యుగాలైనా రాయిని వదలలే. నలభై ఏండ్ల నీ తువ్వాల ఒక్క ముంచుకే ఇడిసిందేంది? నలభై ఏండ్లల్ల ఒక్కసారన్న ఉతకలేదా?"

రేడియో బందైంది. జీవితంల మొదటిసారి. మా ఆమె దిక్కు చూసి మెల్లగ అన్నడు, "రెండుసార్లు ఉతికి పంపుమంటి గద మరదలా."

"ఉతికితే ఎరుపు తగ్గి ఈయన గుర్తుపట్టడనుకున్న," అన్నది ఉప్పలమ్మ.

నేను రాయి మీద కూసున్న. "కొన్నది నువ్వా?"

"నేనే. ఖమ్మం బజార్ల."

"మరి నేను కప్పింది?"

"తప్పు పట్టకు అన్నా," అన్నడు గోపాలు. "ఆ యేడాదే బర్రెదూడను కట్టిన. తెంపుకొని పోయింది."

ఇన్ని రోజులు ఆ తువ్వాల దాసుకున్నడని ఏడ్చిన. ఇప్పుడు దాసుకోలేదని కోపమొచ్చింది. "నేను మర్యాదగ కప్పింది దూడకు కడ్తవా?"

"మరి కండ్లు?" అని మల్ల నేనే అడిగిన.

"నాయి మంచిగనే ఉన్నయ్. చూపిచ్చుకోవాల్సింది నువ్వు."

మా ఆమె లేచొచ్చి నా పక్కన కూసున్నది. "ఎన్నిసార్లు అడిగినయ్యా నిన్ను? లకారం అంటే బాయి అంటివి, ఖిల్లా అంటే రాళ్లంటివి. బావ గేట్ల అడుగు పెట్టంగనే చెప్పులేసుకున్నవ్. ఈ ఉపాయం నాది గాదు, రామక్కది. బిడ్డ దగ్గరికి పోయిందన్నది కూడ ఉత్తదే. ఇంటికాడనే ఉండి, పొద్దుమాపు ఫోన్ చేసి ఎందాకొచ్చిందని అడుగుతుంది."

"కందనకాయ?"

"అది నీ పళ్లెంల పడితే నువ్వు ఇల్లు కదుల్తవా?"

నా దగ్గర ఇంకొక్క మాట ఉండె. వాగు దిక్కు చూసుకుంట అన్న. "గోపాలునే చేసుకుంటే అన్ని దిక్కులకు తిప్పేటోడేమో."

"ఈయనా? రామక్క పెండ్లయిన కాడినుంచి పాల్వంచ దాటలే. చుట్టాలింటి మీదనే ఈయన షికార్లు." గోపాలు తల గోక్కున్నడు. ఆమె నా ఎర్ర చేతులు కొంగుతోని తుడిసింది. "ఆ చేతులతోని పడవను ఎట్ల పట్టినవయ్యా. నవ్వలేక సచ్చిన."

అంటే నవ్విందంత నన్ను చూసే. నాకు కొంచెం సల్లగైంది.

గోపాలు పోయేనాడు కొత్త తువ్వాల నేనే కప్పిన. తెల్లది. ఆ రాత్రి కూరల కందనకాయ నా పళ్లెంల పడ్డది. కాలు మీద కాలేసుకొని తిన్న. మల్ల ఎప్పటిలెక్కనే ఉన్న.

వారం తిరగలే. మా ఆమె వాకిట్ల ఫోన్ల మాట్లాడుతుంది. "అవ్ చిన్నబావా. జూలూరుపాడు నుంచి బస్సులు మస్తున్నయ్. చెవులు వినబడకపోతే ఎట్ల, వచ్చి దవాఖానల చూపిచ్చుకో. నేను ఊరు చూపిస్త."

నేను లేచి ఉరికిన. "ఎవ్వరు రావద్దు. నువ్వు ఏడికి పోవాలె చెప్పు."

"పాపికొండలు," అన్నది, ముందే నోట్ల పెట్టుకున్నట్టు.

లాంచీ గోదారి నడుమకు పోయినంక నాకు తట్టింది.

"ఉప్పలమ్మా. నీకు ఒక్కడే మేనమామ గద."

"అవ్."

"ఆయనకు ఒక్కడే కొడుకు."

"అవ్."

"మరి జూలూరుపాడు చిన్నబావ ఎవ్వడు?"

"గా కొండ చూడయ్యా," అన్నది. "మబ్బు ఎంత కిందికి దిగిందో."

చూసిన. దిగి నడుసుకుంట పోవుటానికి లాంచీ కింద నేల లేదు. కొండ మంచిగనే ఉన్నది.

ఇంక లేస్త. ఈ ఐతారం నేలకొండపల్లి పోవాలెనట, బౌద్ధుల స్తూపం చూస్తదట. మీకొక్కటే చెప్తున్న. మీ పెండ్లాలకు మేనబావలు ఎంతమందో ఇయ్యాలనే తెలుసుకొని పెట్టుకోండ్రి. తర్వాత పుట్టుకొస్తరు.