అమ్మ టమాటా

శనివారం పొద్దున్నే జయకర్ మాస్టారు టమాటా నారు కోసం సంచీ పట్టుకుని తిరువూరు నర్సరీకి వెళ్లాడు. రిటైరయ్యాక దొడ్లో నాలుగు మొక్కలు పెంచాలని ఆయన కోరిక. "ఏ రకం కావాలి సార్?" అని నర్సరీ ఆయన అడిగి, నోరు తిరగని హైబ్రిడ్ పేర్లు వరసగా చదివాడు. జయకర్‌కి కావలసింది వాటిలో లేదు. చిన్నప్పుడు అమ్మ కొంగునిండా తెచ్చిపోసిన టమాటా కావాలి. చిట్టి గుమ్మడికాయలా ఒళ్లంతా నొక్కులు, కొరికితే పులుపుకి కళ్లు మూసుకుపోయేవి, రసం మోచేతి దాకా కారేది. అక్కా తమ్ముళ్లు ఉప్పద్దుకుని పోటీపడి తినేవాళ్లు.

ఎందుకైనా మంచిదని విస్సన్నపేటలో ఉన్న అక్క గ్లోరికి అక్కడి నుంచే ఫోన్ చేశాడు.

"నొక్కులేంట్రా? అమ్మ టమాటాలు గోలీకాయల్లా గుండ్రంగా, గుత్తులుగా ఉండేవి. నీకప్పుడు ఊహే తెలీదు."

"ఊహ తెలీకుండానే అన్ని తిన్నానా?"

ఫోన్ కట్టయింది. జయకర్ ఖాళీ సంచీతో ఇంటికొచ్చి, కళ్లజోడు కనపడక, కుటుంబం వాట్సాప్ గ్రూపులో టైపు చేసే బదులు మెసేజ్ నోటితో చెప్పాడు: "అమ్మ టమాటా ఏదో రేపు తేల్చేద్దాం. అందరూ రండి." ఫోన్ తనకు వినపడినట్టు రాసి పంపింది: "అమ్మ తోట మాట ఏదో రేపు తేల్చేద్దాం. అందరూ రండి."

ఎ.కొండూరు దగ్గర అమ్మ పేరున చిన్న మామిడితోట ఉంది. ఆమె పోయాక పంపకాల ఊసు ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే ఎక్కడ మనసులు విరుగుతాయోనని అందరికీ లోలోపల భయం.

ఆదివారం ఆరాధన నుంచి జయకర్ దంపతులు వచ్చేసరికి వాకిట్లో గ్లోరి ముక్కు చీదుతోంది. పక్కన ఆమె కొడుకు ప్రేమ్ కిరణ్, చేతిలో కొలతల టేపు. విజయవాడ నుంచి తమ్ముడు సురేష్ బాబు ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకొచ్చాడు.

"అమ్మ పోయి ఏడాదైనా తిరగలేదు, అప్పుడే తోట మీద పడ్డావా?" అంది గ్లోరి.

"తోటేంటక్కా? నేనడిగింది నొక్కులున్నదా, గుండ్రటిదా అని!"

"నొక్కులెక్కడున్నాయి మావయ్యా? నలుచదరంగానే ఉందిగా," అంటూ ప్రేమ్ కిరణ్ టేపు విప్పబోయాడు.

"ఒరేయ్, నాకు పుల్లదే కావాలి!"

"పుల్లకాయ చెట్లన్నీ నీకే కావాలంటే ఎలా అన్నయ్యా?" అన్నాడు సురేష్ బాబు నొచ్చుకుంటూ.

జయకర్ భార్య హన్నా కళ్లజోడు పెట్టుకుని మెసేజ్ పైకి చదివింది. చదువుతూనే నవ్వాపుకోలేక గుమ్మంలో కూలబడింది. సంగతి తెలిశాక పెద్దమనుషులు కూడా నవ్వారు. గ్లోరి మాత్రం కళ్లు తుడుచుకుని, "టమాటా అయితే మాత్రం? గుండ్రటివే," అంది. "కోలగా ఉండేవి," అన్నాడు సురేష్ బాబు. తోట గురించి అంతదాకా గొంతు పెంచని వాళ్లు ఇప్పుడు అరుచుకోవడం మొదలుపెట్టారు.

ఆ కేకలకి పక్కింటి నాగేశ్వరమ్మ గోడమీంచి తొంగిచూసింది. అమ్మ కాపురమున్న ఇల్లే జయకర్‌ది; ఆవిడ వీళ్లని చిన్నప్పుడు ఎత్తుకు పెంచిన మనిషి.

"మీ దొడ్లో ఏనాడు కాశాయర్రా టమాటాలు? అవి మా దొడ్లోవి. మీరు చెప్పే మూడు రకాలూ ఉండేవి. పిల్లలు అడుగుతున్నారంటూ మీ అమ్మ పొద్దున్నే వచ్చి కోసుకెళ్లేది. మీకు చెప్పనేలేదా?"

ముగ్గురికీ ఒకటే కనిపించింది: మంచులో తడిసిన కొంగు ఎత్తిపట్టుకుని నవ్వుతూ వస్తున్న అమ్మ.

"మనకే కాస్తున్నాయనుకున్నాం కదరా," అంది గ్లోరి మెల్లగా.

"ఆ విత్తనం ఏమన్నా ఉందా పిన్నిగారూ?" అని అడిగాడు జయకర్.

"ఇంకెక్కడిది నాయనా? నేనూ బజార్లోనే కొంటున్నా."

"తోట ఉన్నట్టే ఉండనివ్వండిరా," అంది గ్లోరి. ఎవరూ కాదనలేదు. హన్నా అందరికీ టమాటా పప్పుతో భోజనం పెట్టింది. పెద్దమనుషులతో సహా అందరూ మారు వడ్డించుకున్నారు గానీ, అందులో వేసింది ఏ రకమో ఒక్కరూ అడగలేదు.