పెటిబోన్ గారి నిజాయితీ పతకం

“గోల్ఫ్‌లో మనిషి మనస్సాక్షే న్యాయమూర్తి! మా కాలేజీ ముందు నిజాయితీ నేర్పుతుంది, ఆ తర్వాతే గోల్ఫ్!”

ఈ మహావాక్యం నాది కాదు, రాయిస్ పెటిబోన్ గారిది. నేను ముసలితనంలో, మా ఆయన పోయాక, లైబ్రరీలో అక్షరాలు దిద్దుకున్నదాన్ని. తప్పులుంటే మన్నించండి. నెమ్మదిగా రాస్తాను, మీరూ నెమ్మదిగానే చదవండి.

పెటిబోన్ గారు మా సీడర్ బ్లఫ్ కాలేజీ గోల్ఫ్ జట్టుకి మహాదాత. బస్సు ఆయనదే, దాని మీద రాయించిన ఆ మహావాక్యమూ ఆయనదే, బూట్లు ఆయనవే, కోచ్ హార్లన్ చిరునవ్వు కూడా ఆయనదే!

నేను పోటీల్లో, జనాన్ని ఆపే తాడు పక్కన నిలబడి, ఆటగాడు బంతి కొట్టేముందు పలక ఎత్తుతాను. దాని మీద ‘నిశ్శబ్దం’ అని ఉంటుంది. చదవడం ఈమధ్యే వచ్చింది గానీ, అంతకుముందు ఏళ్లతరబడి చదవకుండానే ఎత్తాను. బాగానే పనిచేసింది. అది లేచిందంటే గవర్నరు గారి దగ్గయినా గొంతులోనే ఆగిపోవాలి.

ఒక ఏడాది మగపిల్లల కాలేజీ జట్ల జాతీయ చాంపియన్‌షిప్ ఫైనల్ మా ఊళ్లోనే జరిగింది. రెండు జట్లూ సమానంగా ఉన్నాయి, మిగిలింది ఆఖరి హోలు, అంటే బంతిని వెయ్యాల్సిన చివరి గుంట. మా తరఫున ఆడుతున్నది వెస్లీ టకెట్, పశువుల డాక్టరు గారి కొడుకు. గెలిస్తే కాలేజీకి మొట్టమొదటి కప్పు. పెటిబోన్ గారు అప్పటికే విజేతల ఉంగరాలు చేయించి కోటు జేబులో వేసుకొచ్చారు!

వెస్లీ బంతి నా కాళ్ల దగ్గరే పొడుగు గడ్డిలో పడింది. రూల్స్ అధికారి అవతలి కుర్రాడి బంతి దగ్గరున్నాడు. నేను పలక ఎత్తాను. వెస్లీ బంతి వెనక కర్ర ఆనించాడు. బంతి కదిలి, గడ్డిలోకి ఇంకాస్త కుంగింది. చూసింది మేమిద్దరమే.

వాడు నావైపు కూడా చూడలేదు. చెయ్యెత్తి అధికారిని పిలిచాడు.

“నా కర్ర తగిలి బంతి కదిలింది సార్. నామీద ఒక దెబ్బ జరిమానా వెయ్యండి.”

గోల్ఫ్‌లో తక్కువ దెబ్బలు కొట్టినవాడిదే గెలుపు. ఆ ఒక్క దెబ్బ ఎక్కువై కప్పు పోయింది.

గుడారం వెనక విచారణ మొదలైంది.

“కదిలితే కదిలింది! నిన్నెవడు అడిగాడ్రా?” అన్నాడు కోచ్.

“ఎవరూ అడగనప్పుడే కదా కోచ్ చెప్పాల్సింది? మన బస్సు మీద రాసి ఉన్నదీ అదేగా!”

“బస్సు మీదది రోడ్డు మీద జనం చదవడానికి! నువ్వు లోపల కూర్చునేవాడివి!”

పెటిబోన్ గారు నావైపు తిరిగారు. “ఓపల్ గారూ, ఆ టైంలో గాలేమైనా వీచిందా? పెద్దది కాకపోయినా, చిన్నదైనా? గాలికి కదిలితే జరిమానా ఉండదుగా!”

“జెండా గుడ్డ కూడా కదల్లేదండీ. ఇప్పుడు మాత్రం గట్టిగానే వీస్తోంది, ఈ గుడారం వెనక.”

“మీకు చూపు ఆనదేమో!”

“అక్షరాలు ఆనడానికే ఆలస్యమైందండీ. బంతులు ఎప్పుడూ ఆనాయి.”

అంతలో టీవీ వాళ్లు కెమెరాతో ఊడిపడ్డారు. “ఈ కుర్రాడి నిజాయితీని దేశమంతా మెచ్చుకుంటోంది!”

పెటిబోన్ గారి చెయ్యి అప్పటికే గాల్లో ఉంది. దేనికి లేచిందో తెలీదు గానీ, వెస్లీ భుజం మీద ప్రేమగా వాలింది. “మేం నేర్పిందే ఇది!” అని కళ్లు కూడా తుడుచుకున్నారు!

మరుసటి వసంతంలో అదే మైదానంలో ‘రాయిస్ పెటిబోన్ నిజాయితీ పతకం’ ప్రదానోత్సవం. మొదటి పతకం వెస్లీకే. జట్టులో మాత్రం చోటు లేదు. వాడు ఒత్తిడికి ఆగలేడని కోచ్ కనిపెట్టాడు. అంచేత పిలుపు వచ్చేదాకా వెస్లీ తాడుకి ఇవతల, అలవాటుగా పలక పట్టుకొచ్చిన నా పక్కనే నిలబడ్డాడు.

పెటిబోన్ గారు మైకు ముందు గొంతు సవరించుకున్నారు. “గోల్ఫ్‌లో మనిషి మనస్సాక్షే...”

వెస్లీ నా చేతిలోంచి పలక తీసుకుని పైకెత్తాడు.

జనం ఠక్కున ఆగిపోయారు. మాటల్లేవు, దగ్గుల్లేవు. జన్మంతా గోల్ఫ్ చూసిన మనిషి కదా, అలవాటు కొద్దీ పెటిబోన్ గారూ ఆగిపోయారు, తెరిచిన నోరు తెరిచినట్టే! వెస్లీ పలక దించలేదు. ఎక్కడో గడ్డి కోసే యంత్రం కూడా ఆగింది.

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. కానీ పలక లేచి ఉంది కదా! రూల్స్ రూల్సే. ఊరుకున్నాను.

ఓపల్ గ్రిమ్స్‌లీ
డెబ్బై నాలుగేళ్లు
ఇప్పుడు ఉంటున్నది మా చెల్లెలింట్లో, డంకన్, ఓక్లహోమా