గంటల ముందు మైనస్

ఆ సోమవారం పొద్దున అక్షిత అనుకున్నది ఒక్కటే. పది గంటలకు నివేదిక ఇచ్చేసి, పన్నెండింటి బస్సుకు కోరుట్ల పోయి అమ్మ చేతి అన్నం తినాలి. సిరిసిల్లలోని ఒక మరమగ్గాల సంఘంలో ఆమె గణాంకాల ఉద్యోగి. రోజుకు ఎన్ని మీటర్ల బట్ట వస్తుందో ముందే చెప్పే సూత్రం చేయమన్నారు. మగ్గాలు నడిచిన గంటలు, కాలిన కరెంటు యూనిట్లు తీసుకొని చేసింది. అంచనా చక్కగా సరిపోయింది.

సంఘం అధ్యక్షుడు మాధవ రావు కాగితాలు తిప్పి ఒక అంకె మీద వేలు పెట్టాడు.

"గంటల ముంగట మైనస్ ఏంది?"

"గంటలు, కరెంటు ఎప్పుడూ జంటగనే పెరుగుతయి, జంటగనే తగ్గుతయి సార్. ఏది ఎంత పని చేసిందో లెక్కకు తెల్వదు. మొత్తం అంచనా కరెక్టే. గా మైనస్‌ను విడిగ నమ్మొద్దు."

ఆయన మైనస్ దగ్గరే ఆగిపోయాడు. గంటలు పెరిగితే బట్ట తగ్గుతుంది, కరెంటు పెరిగితే బట్ట పెరుగుతుంది. ఇంకేం కావాలి? పదకొండున్నరకల్లా నోటీసు తయారైంది: మగ్గాలు రోజూ నాలుగు గంటలు ఆపాలి, కరెంటు మాత్రం దండిగా వాడాలి.

"సంతకం పెట్టు బిడ్డా."

"లేదు సార్, నేను పెట్ట."

"నీ లెక్కనే గదా?"

"లెక్క నాదే. గా అర్థం మీది."

ఆ వాదన తెగేలోపు బస్సు వెళ్లిపోయింది. నోటీసు ఆయన సంతకంతోనే గోడకెక్కింది.

మంగళవారం మగ్గాలు పనివేళలో సగంసేపు ఆగాయి. పట్టపగలు ట్యూబులైట్లు వెలిగాయి, ఫ్యాన్లు తిరిగాయి. యూనిట్లు చాలలేదని మాధవ రావు బోరు మోటారు వేయించాడు. ట్యాంకు పొర్లి నీళ్లు షెడ్డులోకి వచ్చాయి. వాటిని తోడడానికి ఇంకో మోటారు పెట్టారు. చందుర్తి నుంచి వచ్చిన సభ్యుడు నారాయణ, తన వంతుగా ఇంట్లోని గ్రైండర్ తెచ్చి ఉత్తదే తిప్పాడు. యూనిట్లు కళకళలాడాయి. బట్ట సగానికి పడిపోయింది.

"మగ్గం నడిస్తెనే గదా కరెంటు కాలేది," అంది మగ్గాలకు నూలు కండెలు చుట్టే మొగిలవ్వ, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకొని. "ఫ్యానుకు బట్ట నేసుడు ఎవలు నేర్పిండ్రు?"

పక్కనే అక్షిత స్టూలు మీద కాళ్లు పైకి పెట్టుకొని కూర్చొని గంటలు, యూనిట్లు, మీటర్లు రాసుకుంటోంది. మాధవ రావుకు అది నచ్చలేదు.

"రాసుడు బందు చెయ్యి. లేకుంటె ఉద్యోగం తీసేస్త."

"తీసేయుండ్రి సార్. గీ పేజీ అయినంక పోత."

పేజీ అయిపోయింది. ఆమె ఇంకో పేజీ తిప్పింది. శుక్రవారం దాకా అలా తిప్పుతూనే ఉంది.

శనివారం సభ్యులందరి ముందూ లెక్క మళ్లీ చేసింది. ఎన్నడూ విడిపోని ఆ జంట ఈ వారం విడిపోయింది. గంటలు తగ్గాయి, యూనిట్లు తగ్గలేదు. దాంతో బట్ట నేసేది ఏదో లెక్కకు దొరికింది. గంటల ముందు మైనస్ పోయి పెద్ద ప్లస్ వచ్చింది. కరెంటు అంకె సున్నా దగ్గర కూలబడింది. ఆ పిచ్చి నోటీసే లేకపోతే ఈ సంగతి తేలేది కాదని అక్షితకు అర్థమైంది. ఒళ్లు మండింది. అయినా ఉన్నదున్నట్టు చెప్పింది.

"మగ్గాలు నడవాలె సార్. ఇగ నన్ను తీసేస్తరా?"

మాధవ రావు గొంతు సవరించుకున్నాడు. "గిది తెల్సుకుందామనే ఆపించిన," అన్నాడు సభ్యుల వైపు తిరిగి.

చప్పట్లు మోగాయి. అక్షిత కొత్త నివేదిక మీద తన ఒక్కదాని సంతకమే పెట్టి, ఆయన చేతికిచ్చి బయటికి నడిచింది.

మరుసటి నెలలో, పరిశోధన ఎట్లా చేయాలో చెప్పడానికి జగిత్యాల మరమగ్గాల సంఘం వాళ్లు మాధవ రావును పిలిచారు.