బెంచీ ఉన్న వైపు

ఆ ఉదయం సూపరింటెండెంట్ తన వంట తనే చేసుకుంటూ లెక్క వేసుకున్నాడు. భార్య ఉద్యోగం నగరంలో, తన ఉద్యోగం ఇక్కడ. ఉద్యోగుల సంతృప్తిపై సర్వే ఇవాళే. వయసువారీగా, ఆడామగా వారీగా లెక్క తీస్తారట. అందులో ముందున్న ఆఫీసు పెద్దను నగరంలోని హెడ్డాఫీసుకు తీసుకుంటారని వినికిడి. అందరిచేతా "బాగుంది" అనిపిస్తే చాలు, కాపురం ఒక గూటికి చేరుతుంది. ఖర్చు టీ, బిస్కెట్లు. అంతకన్నా చవక బేరం ఉండదు.

సర్వేకు వచ్చిన అమ్మాయి కాగితాలు బయటికి తియ్యనేలేదు. "కాగితాలిస్తే పక్కవాళ్లది చూసి రాసేస్తున్నారు సార్. తృప్తిగా ఉన్నవాళ్లు కిటికీ వైపు, లేనివాళ్లు గోడ వైపు నిలబడితే చాలు, లెక్కపెట్టుకుంటాను" అంది.

కిటికీ వైపు ఎండ. గోడ వైపు హాలు మొత్తానికీ ఒకే ఒక స్టాండు ఫ్యాను, ఒకే ఒక బెంచీ.

యాభై దాటిన ఆడవాళ్లు తిన్నగా వెళ్లి బెంచీ మీద కూర్చున్నారు. కుర్రాళ్లు ఫ్యాను ముందు చేరారు. ఫోనుకు సిగ్నల్ అందుతుందని టైపిస్టు పిల్ల ఒక్కతే కిటికీ దగ్గర నిలబడింది.

"పెద్ద వయసు స్త్రీలలో తీవ్ర అసంతృప్తి" అని అమ్మాయి పైకే అనుకుంటూ రాసుకుంది.

సూపరింటెండెంట్ బెంచీ మీదున్న, రికార్డులు చూసే పెద్దావిడ దగ్గరికి పరుగెత్తాడు. "అక్కయ్యగారూ, నేనేం లోటు చేశానండీ మీకు?"

"లోటేముంది బాబూ, మోకాళ్లు."

"విన్నారా మేడమ్? అది అసంతృప్తి కాదండీ, బెంచీ! వాళ్లది ఫ్యాను!"

"ప్రతి ఆఫీసరూ ఏదో ఒకటి చెప్తారు సార్" అంది అమ్మాయి, తల ఎత్తకుండా.

ఇక మాటలతో పని జరగదని తేలింది. బెంచీ మీదివాళ్లను బతిమాలి లేపి, దాన్ని తనే కిటికీ దాకా ఈడ్చాడు. ఫ్యాను భుజానికెత్తుకున్నాడు. కిటికీకి తెర లాగాడు. "ఇంకొక్కసారి లెక్కపెట్టండి మేడమ్, మీకు పుణ్యముంటుంది" అన్నాడు రొప్పుతూ.

ముసలీ ముతకా, ఆడా మగా అంతా ఫ్యాను వెంటే కిటికీ వైపు వచ్చేశారు. గోడ దగ్గర నరపురుగు లేదు.

అమ్మాయి ఆశ్చర్యపోయింది. "ఇంతలో మనసు ఎలా మారిందండీ?" అని పెద్దావిడను అడిగింది.

"సారే స్వయంగా బెంచీ మోసి తెచ్చారమ్మా. నా సర్వీసులో ఇలాంటి ఆఫీసర్ని చూడలేదు."

అమ్మాయి కళ్లు చెమర్చాయి. నష్టం వచ్చినప్పుడు ఫ్యాను సంగతి అరిచి చెప్పిన సూపరింటెండెంట్, లాభం వచ్చాక ఆ ఊసే ఎత్తలేదు.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. వయసు తేడా, ఆడామగా తేడా లేకుండా సంతృప్తి సాధించిన ఏకైక ఆఫీసు అది. కనుక ఆ అధికారిని రిటైరయ్యేదాకా అక్కడినుంచి కదపరాదు.

జరిగిందంతా ఫోనులో భార్యకు చెప్పాడు. ఆమె, "బెంచీ ఎవరు మొయ్యమన్నారు మిమ్మల్ని?" అంది.

ఇప్పుడా ఆఫీసులో అసంతృప్తి ఉన్న ఉద్యోగి ఒక్కరే: పురుషుడు, వయసు యాభై మూడు.