ఊఁ అంటే చాలు

మన మనవల మనవళ్ళ కాలానికి బానిసత్వం పూర్తిగా రద్దయింది. సమ్మతి లేకుండా ఎవరి చేతా చీపురుపుల్ల కూడా ఎత్తించరాదని చట్టం వచ్చింది. సంతకాలు, వేలిముద్రలు వంటి పాతకాలపు హింసల నుంచి ప్రజలను తప్పించడానికి, నోటితో "ఊఁ" అంటే చాలు, అదే సంపూర్ణ సమ్మతి అని కూడా అందులో దయతో చేర్చారు. గోడలకు చెవులుంటాయని పెద్దలు ఊరికే అనలేదు. ఆ మాట మీద గౌరవంతో సమ్మతి శాఖవారు ఇంటింటి గోడకూ ఒక చెవిని ఉచితంగా బిగించారు. అది వింటుంది, మాట్లాడుతుంది, అడుగుతుంది. బలవంతం మాత్రం చెయ్యదు.

ఈ ఏర్పాటు వల్ల అందరికంటే ఎక్కువ మేలు పొందినవాడు మన దర్జీ. పని చేసేటప్పుడు అతని పెదాల మధ్య ఎప్పుడూ గుండుసూదులుంటాయి. నోరు తెరిస్తే రాలిపోతాయి కాబట్టి ఎవరేమన్నా ఊఁ అనడమే అతనికి అలవాటు. గోడచెవి ఈ సంగతి కనిపెట్టి, సూదులు నోట్లో ఉన్నప్పుడే తీయగా పలకరించేది. సెలవురోజు కూడా కుట్టడం మీకిష్టమేనా? ఊఁ. జబ్బు చేసేముందు మా అనుమతి తీసుకుంటారా? ఊఁ. మీ చేతులు ఇకమీదట శాఖవారి సొత్తుగా భద్రంగా ఉంచుకోమంటారా? ఊఁ.

ఒకరోజు భార్య పోరు పడలేక సూదులన్నీ తీసి పక్కన పెట్టి, గోడకేసి చూస్తూ గట్టిగా "ఊహూఁ" అన్నాడు. మొదటి అక్షరం ఊ గనుక దాన్ని ఒక సమ్మతిగానూ, రెండోది దాని చుట్టమే గనుక మరో సమ్మతిగానూ తీసుకుని, శాఖవారు అతనికి "ఉత్సాహవంతుడైన పౌరుడు" అని బిరుదిచ్చి కాలికి కడియం తొడిగారు. గడప దాటితే అది మోగుతుంది. ఇరుగుపొరుగువాళ్ళు వచ్చి దాన్ని తడిమి చూసి, తమకెప్పుడిస్తారో అని నిట్టూర్చారు.

తన బతుకు ఎలాగూ కత్తిరించేసిన గుడ్డ, ఇక అతకదని దర్జీకి తెలుసు. అతని బెంగల్లా కూతురి గురించే. ఏడేళ్ళు నిండిన పిల్లల ఊఁ కూడా చెల్లుతుంది. పిల్లకు త్వరలోనే ఏడు నిండుతాయి. దానికేమో కథలంటే ప్రాణం. కథంటే ఊఁ కొట్టాలి, ఊఁ కొడుతుంటే ఆ సందులో గోడచెవి ఏదో ఒకటి అడిగేస్తుంది.

"అమ్మడూ, ఇకనుంచి ఊఁ కొట్టకుండా కథ వినాలి."

"కొట్టకపోతే నేను నిద్రపోయాననుకుని ఆపేస్తావుగా నాన్నా!"

"ఆపనులే. ఊఁ బదులు ఇంకేదన్నా అను."

పిల్ల కాసేపు ఆలోచించి, "ఎందుకు?" అంది.

"ఆఁ, అదే అను. అనగనగా ఒక రాజు."

"ఎందుకు?"

"ఎందుకంటే... రాజనేవాడు ఉండాలి కదమ్మా."

"ఎందుకు?"

దర్జీ కథ అక్కడే ఆగిపోయింది. గోడచెవి ఇప్పటినుంచే అలవాటు చేద్దామని సందు చూసుకుని, "పాపా, పెద్దయ్యాక మా దగ్గరే పనిచేస్తావు కదూ?" అంది.

"ఎందుకు?"

"నీ మంచికే."

"ఎందుకు?"

గోడచెవి గరగరలాడి ఊరుకుంది. వంటింట్లోంచి తల్లి పరుగెత్తుకొచ్చి పిల్లను ముద్దులతో ముంచెత్తింది. దర్జీకి ఎన్నాళ్ళకో గుండె తేలికై, కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి.

మర్నాడు శాఖ పెద్ద అధికారి స్వయంగా దయచేశారు. తల్లి పిల్లను వెనక దాచుకుంది. ఆయన కుర్చీలో సర్దుకుని, ముగ్గురే ఉన్న ఆ గదిని మహాసభగా భావించి ఇలా సెలవిచ్చారు.

"ఎందుకు అని అడగడం పౌరుల పవిత్రమైన హక్కు! దాన్ని నిషేధించాలని మావాళ్ళు గోల చేశారు. నేనే వద్దన్నాను. మన కుటుంబ వ్యవస్థ మీద నాకు అపారమైన నమ్మకం. ఇంటింటా పెద్దలుండగా దీనికి చట్టమెందుకండీ, దండగ!"

పిల్ల బుగ్గ గిల్లి వెళ్ళిపోయారు. ఇంత మంచి మనిషిని అపార్థం చేసుకున్నామే అని దర్జీ నొచ్చుకున్నాడు.

పిల్ల ఆ మాట రుచి మరిగింది. జడ ఎందుకు, స్నానం ఎందుకు అని మొదలుపెట్టి, పక్కింటి పిన్నిని అంత లావెందుకని అడిగింది. ఆవిడ మూతి మూడు వంకర్లు తిప్పి, "ఆడపిల్లకి అంత నోరేమిటమ్మా!" అని వెళ్ళింది. ఏడు నిండిన రోజున ఇంటినిండా చుట్టాలు. మేనమామ గుమ్మంలో అడుగుపెట్టగానే, "ఎందుకొచ్చావు మామయ్యా?" అంది. ఆయన ముఖం మాడిపోయింది. దర్జీ నవ్వేసి సర్దబోయాడు. అంతలో పిల్ల అతని చొక్కా పట్టుకు లాగి, అందరి ముందూ అడిగింది.

"నాన్నా, నువ్వు ఎవరేమన్నా ఊఁ అంటావెందుకు?"

అందరూ అతనికేసి చూస్తున్నారు. ఆ క్షణంలో అతని నోట్లో సూదులు కూడా లేవు. తలకొట్టేసినట్టయింది.

"ఎందుకేమిటే, ఎందుకు! నెత్తికెక్కించుకుంటే ఇలాగే ఉంటుంది. పెద్దవాళ్ళు ఏం చెబితే దానికి ఊఁ అనాలి. తెలిసిందా?"

పిల్ల అతని చొక్కా వదిలేసింది. తండ్రి ముఖంలోకి కాసేపు చూసి, "ఊఁ" అంది.

పిల్లకు బుద్ధొచ్చిందని చుట్టాలంతా సంతోషించారు. ఏం చెప్పినా అన్నిటికీ కలిపి ఒకే ఊఁ అనిపించాడు కాబట్టి విడివిడిగా అడిగే శ్రమ తప్పిందని గోడచెవి ఆ తండ్రికి వినయంగా కృతజ్ఞతలు తెలిపింది. మన ఇళ్ళ గోడలకు ఇంకా చెవులు బిగించలేదు గనుక మనకెవరూ కృతజ్ఞతలు చెప్పడం లేదు. ఆ పని మాత్రం ముందుగానే చేసి పెడుతున్నాం.