నీరు కారని ఆంప్లిఫైయర్

శబ్దం చేసే హక్కు ఈ దేశంలో ప్రతి పౌరుడికీ పుట్టుకతోనే వస్తుంది. సంగీతం చేయాలంటే మాత్రం దరఖాస్తు పెట్టుకోవాలి. ఈ ఏర్పాటులోని న్యాయం మార్టూరులో ఉండే లెక్కల టీచరు ఫెబాకు మొదట అర్థం కాలేదు.

ఫెబా ఆదివారాలు చర్చిలో గిటారు వాయిస్తుంది. ఆమె తండ్రి జయరావు గ్రానైటు యూనిట్లో రాళ్లు కోసే మిషను దగ్గర వయసంతా పనిచేసి, వినికిడి చాలావరకు అక్కడే వదిలేసి ఇంటికొచ్చాడు. (చెవులు పనిముట్ల కిందకు రావు కాబట్టి యాజమాన్యం వాటి సంగతి అడగలేదు.) చర్చిలో ముందు వరుసలో కూర్చుని కూతురి వేళ్లు చూస్తూ ఉంటాడు. వేళ్లు ఆగగానే చప్పట్లు కొడతాడు. ఒక ఆదివారం పాట మధ్యలో తీగ సవరించుకోవడానికి ఆమె ఆగితే అప్పుడూ కొట్టాడు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. ఇంటికొచ్చాక మాత్రం, "అయిపోయిందనుకున్నానమ్మా" అన్నాడు మెల్లగా.

ఆ మాట ఫెబా మనసులో ఉండిపోయింది. వినికిడి యంత్రం పెట్టుకోమంటే ఆయన పెట్టుకోడు; దాంట్లో మళ్లీ రాళ్ల మిషనే వినపడుతోందంటాడు. చివరికి వేటపాలెంలో సౌండ్ సామాను బాగుచేసే కలీం దగ్గర ఆమెకు ఒక పాతకాలపు తరహా ఆంప్లిఫైయర్ దొరికింది. చెక్క పెట్టె, ముందు గోధుమరంగు గుడ్డ, లోపల గాజు వాల్వులు. స్విచ్ వేసిన వెంటనే మోగదు. వాల్వులు ఎర్రబడి వేడెక్కాలి.

"స్టేజీకీ పనికొస్తది, ఇంటికీ పనికొస్తది మేడం. దీని సౌండు చెవికే కాదు, ఛాతీకి కూడా తగులుద్ది" అన్నాడు కలీం.

ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే జయరావు పెట్టె మీద చెయ్యి ఆనించి, "మా చిన్నప్పుడు పంచాయతీ రేడియో ఇట్టాగే వేడెక్కేది" అన్నాడు. ఫెబా గిటారు తగిలించి ఒక్క తీగ మీటింది. ఆయన చెయ్యి తీయలేదు.

"ఫెబమ్మా, వినపడతంది" అన్నాడు. "మళ్లీ కొట్టు."

కథ ఇక్కడ సుఖాంతం కావాలి. కానీ కోత పండుగకు ఆ పెట్టెతో చర్చిలో వాయించాలనుకుంది ఫెబా. అందుకు ధ్వని పరికరాల క్రమబద్ధీకరణ విభాగం అనుమతి కావాలి.

విభాగం వారి వెబ్‌సైటులో మైకు సెట్టు, డీజే, బ్యాండు మేళం, ఇతరములు అని ఉన్నాయి. ఫెబా 'ఇతరములు' నొక్కి 'వాల్వు ఆంప్లిఫైయర్' అని రాసింది. కంప్యూటరు మొదటి మాట చదివి (రెండో మాట చదవాలన్న నియమం లేదు) దరఖాస్తును నీటి సరఫరా వారికి పంపించింది.

నీటి సరఫరా ఇంజనీరు పేరయ్య గారు నిజాయితీ గల మనిషి. ఇంటికొచ్చి పెట్టె కింద పాత పేపరు పరిచి, టీ తాగేంతసేపు చూశారు.

"ఇది నీళ్లది కాదండీ" అంది ఫెబా.

"తెలుసమ్మా. కానీ నీళ్లది కాదని రాయడానికి మాకు వీల్లేదు. లీకు ఉందా లేదా అన్నంతవరకే మా అధికారం."

పేపరు తడవలేదు. 'నీరు కారుట లేదు, వాడకమునకు యోగ్యము' అని ధ్రువపత్రం ఇచ్చి, వెళ్తూ వెళ్తూ మీ వీధి కుళాయి ఎలా వస్తోందని కూడా అడిగారు. రావడం లేదంది ఫెబా. ఆయన బాధపడ్డారు.

తర్వాత ధ్వని తనిఖీ అధికారి గఫూర్ గారు వచ్చారు.

"ఇది ఇంటి సామానా, స్టేజీ సామానా టీచరమ్మా?"

"రెండింటికీ సార్."

"రెండూ కుదరదు. ఇంట్లో ఉంటే గృహోపకరణం. స్టేజీ మీదుంటే వాణిజ్యం."

"మరి ఇంటి నుంచి చర్చికి తీసుకెళ్లేటప్పుడు?"

గఫూర్ గారు నిబంధనల పుస్తకం తిరగేశారు. "దారిలో ఉన్నంతసేపు సరుకు" అన్నారు.

ఆయన శబ్దం కొలిచే మీటరు తీసి పెట్టెకు ఎదురుగా పట్టుకున్నారు. వెనక వీధిలో రాళ్ల మిషన్లు జోరుగా నడుస్తున్నాయి. మీటరు ముల్లు ఎర్రగీత దాటి అవతలికి పోయింది.

"చాలా ఎక్కువుందమ్మా!"

"సార్, నేనింకా ఆన్ చెయ్యలేదు."

"ఆఫ్‌లోనే ఇంతుంటే ఆన్ చేస్తే ఊరేం కావాలి?"

"అది రాళ్ల మిషను మోత సార్."

"అది పరిశ్రమమ్మా. పరిశ్రమలకు ఉత్పత్తి ఉంటుంది, శబ్దం ఉండదు."

వినపడకపోయినా జయరావుకు సంగతి అర్థమైంది. ఆయన గఫూర్ గారి దగ్గరకొచ్చి, "అయ్యా, మా అమ్మాయి వాయించేది నాకు ఇందులోనే తెలుస్తంది. ఒక్క పాటకైనా ఇప్పించండి" అన్నాడు. గఫూర్ గారు తల దించుకున్నారు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మిషన్లు ఆగాయి. మీటరు ముల్లు మెల్లగా కిందికొచ్చి పడుకుంది. ఆయన చప్పున ఆ అంకె రాసుకుని, పరికరం నిబంధనలకు లోబడి ఉందని నిర్ధారించారు. (రెండు కొలతల్లోనూ పరికరం ఆఫ్‌లోనే ఉంది. విభాగం నిలకడకు ఇది నిదర్శనం.)

అనుమతి ఒక్క పాటకే వచ్చింది.

కోత పండుగ రోజు చర్చినిండా మిరపకాయల ఘాటు. జనం కానుకగా తెచ్చిన బస్తాలూ గుమ్మడికాయలూ గోడవారగా పేర్చారు. నియమాల అమలు చూడటానికి గఫూర్ గారు వచ్చి కిటికీ పక్కన నిలబడ్డారు. వాల్వులు ఎర్రబడ్డాయి. ఫెబా వాయించింది. జయరావు ఆమె వేళ్లు చూడలేదు, కళ్లు మూసుకున్నాడు. పాట మధ్యలో ఆమె ఆగినచోట కదలకుండా కూర్చున్నాడు. ఆఖరి మోత సన్నగిల్లి పూర్తిగా ఆరిపోయాకే, అందరికంటే చివర చప్పట్లు కొట్టాడు. ఫెబా చటుక్కున మొహం అటు తిప్పుకుంది.

కిటికీ దగ్గర్నుంచి గఫూర్ గారు గొంతు సవరించుకున్నారు.

"ఇంకోటి వాయించమ్మా."

"సార్, పర్మిషన్ ఒక్క పాటకే కదా?"

"వాయించమ్మా, నేనున్నాగా."

ఆమె వాయించింది. సోమవారం స్కూలుకు నోటీసు వచ్చింది. అనుమతి లేని రెండో పాటకు సంజాయిషీ ఇవ్వాలనీ, ఆమెను అందుకు ప్రేరేపించిన గుర్తు తెలియని వ్యక్తి కోసం విచారణ జరుగుతోందనీ, విచారణాధికారిగా గఫూర్ గారిని నియమించామనీ అందులో ఉంది.