గుమ్మటం మూగబోయిన కేసు

"ఈ తరానికి ఇంత పదునైన బుర్ర ఒక్కటే పుట్టింది బావా. అదృష్టం కొద్దీ అది మన ఇంట్లోనే పుట్టింది," అన్నాడు బావమరిది, రొట్టెముక్కను టీలో ముంచుతూ.

మాట పూర్తయ్యేసరికి ముక్క విరిగి టీలో మునిగిపోయింది. పదునైన బుర్ర దాన్ని వేలితో వెతకడం మొదలుపెట్టింది.

తాళాల మేస్త్రి తన టీ తాను తాగాడు. పెళ్లయిన నాటి నుంచీ బావమరిది విషయంలో ఆయన పాటిస్తున్న పద్ధతి అదే. బావమరిది తన గది తలుపు మీద "డేగకన్ను, నేర పరిశోధకుడు" అని బోర్డు రాయించుకున్నాడు. ఆ ఊళ్లో పొద్దున్నే దిగే పొగమంచుకు చవక రంగు నిలవలేదు. ముందు "డేగ" పోయింది, తర్వాత "నేర" పోయింది. మిగిలిన "కన్ను, పరిశోధకుడు" చదివి, కళ్లు మండేవాళ్లు చుక్కల మందు కోసం వచ్చి తలుపు కొట్టేవాళ్లు. ఊరంతా అతన్ని కన్ను అనే పిలిచేది. అతను దాన్ని బిరుదు కింద జమ కట్టుకున్నాడు.

ఈసారి కేసు మాత్రం బయటినుంచి రాలేదు. వంటింట్లో, గొంతుకు ఉన్నిగుడ్డ చుట్టుకుని, గోడకేసి చూస్తూ కూర్చుని ఉంది. ఆవిడ మేస్త్రి భార్య, కన్నుకు అక్క, ఊరందరికీ చాటింపక్క.

ఆ ఊరు కొండల నడుమ గిన్నెలాంటి పల్లంలో కట్టిన ఊరు. వీధులన్నీ మెట్లే. కింది ఇంటి డాబా పై ఇంటికి వాకిలి. పై ఇంట్లో పిల్లలు గెంతితే కింది ఇంట్లో సున్నం రాలి పాలగిన్నెలో పడుతుంది. అందుకే అక్కడ పక్కింటివాళ్లు అనే మాట పెద్దగా వినపడదు. నెత్తిమీదవాళ్లు, కాళ్లకిందవాళ్లు అంటారు. దొంగలు కూడా పైనుంచే దిగుతారు కాబట్టి మేస్త్రి చేసే తాళాల్లో సగం డాబా తలుపులకే.

గిన్నె అడుగున, ఊరి నడిబొడ్డున, స్తంభాల మీద నిలబడ్డ పెద్ద రాతి గుమ్మటం ఉంది. లోపల, పైఅంచు వెంబడి చుట్టూ ఒక నడవా. కింద నిలబడి ఎవరైనా మాట్లాడితే ఆ మాట గుమ్మటంలో తిరిగి, మోగి, రాతి గొట్టాల గుండా ప్రయాణం చేసి, ప్రతి వీధి మలుపులో గోడకు చెక్కిన రాతినోట్లోంచి బయటికి వస్తుంది. గుమ్మటం తిరిగి పలకని మాట ఆ ఊళ్లో చెల్లదు. పుట్టుకైనా, పెళ్లయినా, ఇల్లు చేతులు మారినా, తప్పయిందని ఒకళ్లకొకళ్లు ఒప్పుకున్నా, గుమ్మటం పలికాకే అది జరిగినట్టు. ఆ మాటలన్నీ ఊరి తరఫున పలికే ఉద్యోగం చాటింపక్కది.

కొన్నాళ్లుగా గుమ్మటం పలకడం లేదు. ఆవిడ ఎంత గట్టిగా అన్నా మాట పైకి వెళ్లి అక్కడే ఉండిపోతోంది.

దాంతో ఊరి వ్యవహారాలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. కమ్మరి కూతురి పెళ్లి సగంలో ఆగింది. పెళ్లికొడుకు అవునన్నాడు, గుమ్మటం పలికింది. ఆ ఊరి ఆనవాయితీ ప్రకారం మర్నాడు పెళ్లికూతురు అవుననేసరికి మూగబోయింది. అప్పట్నుంచీ అతను పెళ్లయినవాడు, ఆమె కాదు. మందుల దుకాణం వాళ్ల పాప పాలు తాగుతోంది, రాత్రుళ్లు ఏడుస్తోంది, కానీ ఇంకా పుట్టలేదు.

ఊరిపెద్ద ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాడు. "గుమ్మటం రాయి. రాయికి జబ్బు చేయదు. కాబట్టి జబ్బు గొంతుదే," అన్నాడు. ఆ మధ్యాహ్నం సభలో చాటింపక్క చివరిసారి పలికి చూడాలి. పలక్కపోతే ఉద్యోగం ఇంకొకరికి. ఉద్యోగంతో పాటు, గుమ్మటం పక్కనే ఉన్న ఆ ఇల్లు కూడా.

గొంతు దాచుకోవాలని ఆవిడ ఇంట్లో మాట్లాడటం మానేసింది. ఉప్పు కావాలంటే వేలు చూపిస్తుంది. మేస్త్రి పనిముట్లు భోజనాల బల్ల మీద వదిలేస్తే ఒకప్పుడు వీధి చివరికి వినపడేలా కేకలేసేది. ఇప్పుడు మాట్లాడకుండా తీసి పక్కన పెడుతోంది. మేస్త్రికి అదే భరించరానిదిగా ఉంది. ముందు రోజు కావాలనే ఒక సుత్తి వదిలి చూశాడు. అదీ పక్కకు వెళ్లింది.

"అక్క గొంతుకేం కాలేదు బావా," అన్నాడు కన్ను, రొట్టెముక్క ఆచూకీ వదులుకుని. "ప్రతిధ్వనిని ఎవరో ఎత్తుకెళ్లారు."

"దాన్నెలా ఎత్తుకెళ్తారు?"

"ఎలా అన్నది చిన్న ప్రశ్న. ఎవరు అన్నదే పెద్ద ప్రశ్న. ఇప్పుడు నువ్వే దొంగవనుకో. ఏం చేస్తావు?"

"నేనెందుకు దొంగనవుతాను?"

"అనుకో బావా. దాచుకుంటావు. కానీ దాచిన ప్రతిధ్వని ఊరుకోదు. నువ్వు నోరు తెరిచినప్పుడల్లా బయటపడుతుంది. అంటే ఏ మనిషి మాట రెండుసార్లు వినిపిస్తుందో ఆ మనిషే నేరస్థుడు."

ఊళ్లో అలాంటి మనిషి ఒక్కడే ఉన్నాడు.

"రండి రండి. కూర్చోండి కూర్చోండి," అన్నాడు రొట్టెలాయన.

కన్ను తన బావ డొక్కలో మోచేత్తో పొడిచాడు.

రొట్టెల దుకాణం వెచ్చగా ఉంది. పొయ్యి గొట్టం పైనున్న ఇళ్లన్నిటి గుండా పోతుంది. చలికాలం నెత్తిమీదవాళ్లంతా దానికి వీపు ఆనించి కూర్చుంటారు, అందుకని రొట్టెలాయనతో ఎవరూ తగువు పెట్టుకోరు. కన్ను చేతులు వెనక్కి కట్టుకుని దుకాణం ఈ మూలనుంచి ఆ మూలకు నడిచాడు. నడుస్తూ పిండి బస్తాను గుద్దుకున్నాడు. బస్తా వైపు అనుమానంగా చూశాడు.

"మీరు ప్రతి మాటా రెండుసార్లు ఎందుకంటున్నారు?"

"ఎవరు ఎవరు? నేనా నేనా?"

"ఎప్పట్నుంచి ఇది?"

"చిన్నప్పట్నుంచి చిన్నప్పట్నుంచి. మా అమ్మకి చెవుడు. మా అమ్మకి చెవుడు."

"ముందే అల్లిపెట్టుకున్న కథ," అన్నాడు కన్ను, బావ చెవిలో.

"మా పెళ్లికొచ్చినప్పుడు కూడా ఈయన ఇలాగే మాట్లాడాడు," అన్నాడు మేస్త్రి. "శుభం శుభం అన్నాడు."

"చూశావా. కుట్ర అప్పుడే మొదలైంది."

కన్ను జేబులోంచి భూతద్దం తీసి రొట్టెలాయన్ని నోరు తెరవమన్నాడు. ఆయన మర్యాదస్థుడు, తెరిచాడు. కన్ను లోపలికి తొంగిచూశాడు. ఆవిరికి అద్దం మసకబారింది.

"లోపలంతా చీకటి," అన్నాడు కన్ను గంభీరంగా. "ఏదో దాస్తున్నాడు."

"దంతాలు చూసే ఆయనా చీకటన్నాడు, చీకటన్నాడు," అని రొట్టెలాయన ఒప్పుకుని, పొయ్యిలోంచి అప్పుడే తీసిన బన్నులు ఇద్దరికీ తలా రెండు పెట్టాడు. కన్ను వాటిని లంచంగా గుర్తించి, ఆధారాలుగా స్వాధీనం చేసుకుని, మెట్లెక్కుతూ తినేశాడు. వచ్చేటప్పుడు రొట్టెలాయన్ని సభకు తప్పకుండా రమ్మన్నాడు. ఆయన వస్తాను వస్తానన్నాడు.

మెట్ల మలుపులో పరుపులు కుట్టే అవ్వ గుమ్మంలో కూర్చుని సూదులకు దారం ఎక్కిస్తోంది. దారమెక్కిన సూదులన్నీ పళ్ల మధ్య పట్టుకుంది కాబట్టి ఆవిడ మాట సగం గాలిలోనే కలిసిపోతోంది.

"అవ్వా, ఈమధ్య గుమ్మటం దగ్గర అనుమానంగా ఎవరైనా కనిపించారా?" అన్నాడు కన్ను.

"నేనటు పోయి చాన్నాళ్లయింది నాయనా. నా పరుపులన్నీ ఆ పైనే ఉన్నాయి. ఏమవుతున్నాయో ఏమో."

కన్ను చెవికి పరుపు పరువుగా చేరింది. అతని కళ్లు చెమ్మగిల్లాయి.

"నీదొక్కదానిదేనా అవ్వా. మా పరువు, ఊరందరి పరువూ అక్కడే ఉంది."

"అందరివీనా?" అంది అవ్వ ఆశ్చర్యంగా. "నావే అనుకున్నాను. మీవి కూడా తడిశాయా?"

"కన్నీళ్లతో తడిసిపోయింది."

"మరీ అంతగా తడిస్తే లోపల దూది ఉండకడుతుంది నాయనా. విప్పి, బాగా దులిపి, ఎండలో వేసుకోండి."

"ఎండగట్టడానికే బయల్దేరాం అవ్వా."

ఆ సమయంలో మేస్త్రి ఈ మాటలు వినడం లేదు. ఆయన మెట్ల అంచున నిలబడి, కింద గుమ్మటం దగ్గర కుర్చీలు వేస్తున్నవాళ్లను చూస్తున్నాడు. స్తంభాల మధ్య తన భార్య ఒక్కతే నిలబడి ఉంది. ఉన్నిగుడ్డ విప్పి మడత పెడుతోంది, మళ్లీ విప్పుతోంది, మళ్లీ మడత పెడుతోంది.

"బావా, నాకొక నిచ్చెన కావాలి," అన్నాడు కన్ను.

"ఎందుకు?"

"దొంగ గుమ్మటం కిందికి రాగానే ప్రతిధ్వని వాడి నోట్లోంచి ఎగిరి తన గూటికి పోతుంది. పైన నేనుంటాను. రొట్టెల దుకాణంలోంచి సంచి కూడా తెచ్చాను. పట్టేస్తాను."

మామూలు రోజయితే మేస్త్రి ఇంటికి నడిచి ఉండేవాడు. ఆ రోజు ఆయన దగ్గర కూడా వేరే ఉపాయం లేదు. వెళ్లి నిచ్చెన తెచ్చాడు.

మధ్యాహ్నానికి ఊరంతా మెట్ల మీద, డాబాల మీద సర్దుకుని కూర్చుంది. ముందు వరుసలో ఊరిపెద్ద, పక్కన రొట్టెలాయన. కమ్మరి కూతురు ఒక చివర, పెళ్లయిన పెళ్లికొడుకు ఇంకో చివర. వెనక స్తంభం చాటున మేస్త్రి నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. కన్ను నడవా మీదికి ఎక్కిపోయాడు.

చాటింపక్క మధ్యకు వచ్చింది. "వినండి," అంది.

మాట పైకి వెళ్లింది. తిరిగి రాలేదు. వీధుల్లో రాతినోళ్లు తెరుచుకున్నవి తెరుచుకున్నట్టే ఉండిపోయాయి.

"ఇంకోసారి అమ్మా," అన్నాడు ఊరిపెద్ద, ముగింపు మాటలు మనసులో సిద్ధం చేసుకుంటూ.

"వినండి," అంది ఆవిడ. గొంతు కొంచెం వణికింది. మేస్త్రి నిచ్చెన వదిలేసి ఆవిడ దగ్గరికి వెళ్లిపోదామా అనుకున్నాడు.

అప్పుడు నెత్తిమీంచి గుసగుస వినపడింది. "బావా, ఇక్కడొక ముఠా ఉంది. అందరూ పడుకుని ఉన్నారు. అందరూ లావుపాటివాళ్లే."

"మనుషులేనా? సరిగ్గా చూడు."

"చేతులెత్తమన్నాను. ఒక్కడూ ఎత్తడం లేదు. కరడుగట్టినవాళ్లు."

మేస్త్రి వద్దనేలోపే కన్ను ముఠా నాయకుడి మీదికి దూకాడు. నాయకుడు మెత్తగా ఉన్నాడు. గాలికి పోకుండా ముఠా అంతా ఒకే మోకుతో కట్టి ఉంది. మొదటివాడు పిట్టగోడ దాటి జారగానే రెండోవాణ్ణి లాగాడు, రెండోవాడు మూడోవాణ్ణి. నడవా చుట్టూ పరిచి ఉన్న పరుపులన్నీ వరసగా, ఏ తొందరా లేకుండా, దబ్బు దబ్బుమని సభలో ఖాళీగా ఉన్న నేల మీద పడ్డాయి. అన్నిటికంటే చివర్న, సంచితో సహా, వాటి మీద కన్ను పడ్డాడు.

దూది పొగలా లేచింది. సభ దగ్గింది. మేస్త్రి పరుగెత్తుకుంటూ వెళ్లాడు. కన్ను వెల్లకిలా పడి, ఒక కాలు పట్టుకుని, గుమ్మటం వైపు చూస్తున్నాడు.

"దెబ్బ తగిలిందా?"

"బావా," అన్నాడు కన్ను నీరసంగా, "నాకేమీ తెలీదు. మొదట్నుంచీ తెలీదు. అక్క అలా గొంతు కట్టుకుని కూర్చుంటే చూళ్లేకపోయాను. ఏదో ఒకటి చేద్దామని బయల్దేరాను."

ఆ మాట పైకి వెళ్లింది. గుమ్మటంలో తాపీగా ఒక చుట్టు తిరిగింది. తర్వాత పై వీధి మొదలు కింది వీధి దాకా ప్రతి మలుపులోంచి, గంటలాంటి స్పష్టతతో, నాకేమీ తెలీదు, తెలీదు, తెలీదు అని వినిపించింది.

గుమ్మటం పలికింది కాబట్టి, ఆ క్షణం నుంచి అది ఊళ్లో చెల్లుబాటయ్యే నిజం.

ఎవరూ నవ్వలేదు. అందరూ గుమ్మటం లోపలికి తలెత్తి చూశారు. చుట్టూ నడవా, రాతి వంపు బోసిగా కనిపించాయి.

ఊరిపెద్ద లేచి నిలబడ్డాడు. "తడి పరుపులు తెచ్చి గుమ్మటంలో ఆరేసుకోమని ఎవరు చెప్పారు?" అన్నాడు కోపంగా. ఎవరు చెప్పారు, చెప్పారు అని ఊరంతా అడిగింది.

డాబా మీదినుంచి అవ్వ మెల్లగా మెట్లు దిగి వచ్చి పరుపులు లెక్క చూసుకుంది. సూదులు నోట్లోంచి తీసింది.

"మీరేగా నాయనా," అంది.

మీరేగా, మీరేగా అంది పై వీధి. మీరేగా అంది నడివీధి. కొండ అంచున ఎప్పుడూ ఆలస్యంగా పలికే పాత రాతినోరు ఒకటుంది. అందరూ దానికోసం ఎదురుచూశారు. అదీ మీరేగా అంది.

ఊరిపెద్ద కూర్చుని మంచినీళ్లడిగాడు. అదీ ఊరంతా వినపడింది. చాలా ఇళ్లవాళ్లు తెచ్చారు.

చాటింపక్క ఉన్నిగుడ్డ తీసి స్తంభానికి తగిలించింది. ఎవరి వైపూ విజయంగా చూడలేదు. ముందు కమ్మరి కూతుర్ని పిలిచింది. "ఏమ్మా, నువ్వేమంటావు?"

"అవును," అంది ఆ అమ్మాయి. అవును, అవును అంది గుమ్మటం. ఇన్నాళ్లూ ఒంటరిగా పెళ్లి చేసుకుని ఉన్న పెళ్లికొడుకు మెట్ల మీద చతికిలబడి మొహం తుడుచుకున్నాడు.

"చాలా సంతోషం చాలా సంతోషం," అన్నాడు రొట్టెలాయన. అది నాలుగుసార్లు వినిపించింది.

తర్వాత ఆవిడ మందుల దుకాణం కోడలి చేతుల్లోంచి పాపను అందుకుంది. గొంతు సవరించుకుని, నిండుగా, ఏ వణుకూ లేకుండా పలికింది. "మందుల దుకాణం ఇంట్లో ఆడపిల్ల పుట్టింది."

ఆ గొంతుకు పాప ఉలిక్కిపడి ఏడ్చింది. ఏడుపు గుమ్మటం ఎక్కి, గొట్టాల్లో పరుగెత్తి, అన్ని వీధుల్లోంచీ ఒక్కసారి బయటికొచ్చింది. పొయ్యి గొట్టాలకు వీపు ఆనించి ఇళ్లలోనే ఉండిపోయిన ముసలివాళ్లు కూడా ఎవరో పుట్టారని తెలుసుకున్నారు. మేస్త్రి నిచ్చెనకు ఆనుకుని నిలబడ్డాడు. దూది కంట్లో పడిందని పక్కవాళ్లతో చెప్పాడు.

సాయంత్రం ఇంట్లో కన్ను కాలు వాచి బల్ల మీద ఉంది. చాటింపక్క వేడినీళ్ల గుడ్డతో కాపడం పెడుతోంది.

"అసలు సంగతి చెప్పనా అక్కా," అన్నాడు కన్ను. "అదంతా నా పథకం. నేరస్థుణ్ణి ఏమరపాటులో పెట్టాలనే తెలీదన్నాను."

ఆవిడ గుడ్డ మళ్లీ వేడినీళ్లలో ముంచింది, పిండింది, గట్టిగా అదిమింది. ఆపైన నోరు తెరిచింది. అంత ఎత్తునుంచి దూకేవాడికి బుద్ధుండక్కర్లేదా అంది. మెడ విరిగి ఉంటే ఎవరికి చెప్పుకోవాలంది. రొట్టెలాయన నోట్లో అద్దం పెట్టి చూశావట, ఇక ఆ మనిషి మొహం ఎలా చూడాలంది. నిలవ ఉన్న మాటలన్నీ ఒక్కొక్కటిగా దించింది. కాళ్లకిందవాళ్లు కర్రతో పైకప్పు తట్టారు. ఆవిడ ఆపలేదు.

తమ్ముడి వంతు అయ్యాక మొగుడి వైపు తిరిగింది. "వాడంటే వాడు. నిచ్చెన పట్టుకోమన్నాడని పట్టుకోవడమేనా? మీకూ వయసొచ్చింది కదా? మళ్లీ ఆ సుత్తొకటి భోజనాల బల్ల మీద..."

మేస్త్రి టీ కప్పు కింద పెట్టి, కుర్చీ కొంచెం దగ్గరికి లాక్కుని, ఒక్క మాట కూడా పోకుండా విన్నాడు.